కడప పేరూ, కంప్యూటరు దిద్దుబాటూ

కడప జిల్లా పేరు 2005 నుండి 2025 వరకు మూడుసార్లు మారింది. 2005లో ఆంగ్ల వర్ణక్రమం 'కుడ్డపా' నుండి 'కడప'కు మారింది. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్మారకంగా 2010లో అది 'వై.ఎస్.ఆర్. జిల్లా' అయింది. 2025లో పాత పేరును తిరిగి కలుపుకొని 'వై.ఎస్.ఆర్. కడప జిల్లా' అయింది. ఈ మార్పుల నడుమ 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని జిల్లాల పునర్విభజన అమలులోకి వచ్చి, రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాకు వెళ్లగా, పులివెందుల రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ప్రభుత్వ ఉత్తర్వు ఒక్క పూటలో వెలువడుతుంది గాని, ఆ పేరు రాసి ఉన్న రేషన్ కార్డులు, జనన ధ్రువపత్రాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు ఖాతాలు, గ్యాస్ ఏజెన్సీ చిరునామాలు లెక్కకు మించి ఉంటాయి. వాటిలో ఏది దిద్దాలి, ఏది దిద్దకూడదు, దిద్దవలసినదాన్ని తప్పు దొర్లకుండా ఎలా దిద్దాలి అన్న ప్రశ్న పాలనకు ఎంత సంబంధించినదో కంప్యూటరు శాస్త్రానికీ అంతే సంబంధించినది.

డేటాబేస్ అంటే కంప్యూటరులో ఉండే రిజిస్టరు అనుకుంటే చాలావరకు సరిపోతుంది. కరణం లెక్కల్లో అడ్డగీతలు, నిలువుగీతలు ఉన్నట్టే ఇందులోనూ పట్టికలు ఉంటాయి; ఒక మనిషికో, ఒక భూమికో, ఒక బిల్లుకో చెందిన సమాచారం ఒక అడ్డవరుసలో ఉంటుంది, దానినే రికార్డు అంటారు; పేరు, ఊరు, జిల్లా వంటి ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క నిలువు గడి ఉంటుంది, దానిని కాలమ్ అంటారు. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఈ పట్టికల పద్ధతికి గణిత పునాది వేయగా, అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఆ పట్టికలను ప్రశ్నించడానికీ దిద్దడానికీ ఒక భాషను ప్రతిపాదించారు. నేడు ఎస్‌క్యూఎల్ పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది దాని పరిణత రూపమే. ఆ భాషలో విలువలను మార్చే ఆజ్ఞను 'అప్‌డేట్' అంటారు. దానికి మూడు భాగాలు ఉంటాయి: ఏ పట్టికలో, ఏ గడిలో ఏ విలువ పెట్టాలి, ఏ రికార్డులకు మాత్రమే ఇది వర్తించాలి. 'వేర్' అనే మాటతో మొదలయ్యే ఈ మూడో భాగమే ఆజ్ఞకు కళ్లెం. దానిని రాయడం మరచిపోతే కంప్యూటరు తిరిగి అడగదు. జిల్లాలో ఉన్నవారికీ లేనివారికీ, పట్టికలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకే విలువ రాసేసి, పని ముగిసిందని చెబుతుంది.

చేతిరాత రిజిస్టరులో గుమాస్తా పొరపాటు చేస్తే ఒక పుటతో పోతుంది, రెండో పుటకు వచ్చేసరికి అతడికే అనుమానం వస్తుంది. కంప్యూటరుకు అనుమానం లేదు, అలసట కూడా లేదు. లక్ష రికార్డులను సరిగా దిద్దడానికి ఎంతసేపు పడుతుందో, వాటిని పాడుచేయడానికీ అంతేసేపు పడుతుంది.

2005 నాటి మార్పునే ముందు పరిశీలిస్తే, అది నిజానికి తెలుగులో మార్పే కాదు. తెలుగువారు అంతకు ముందూ కడప అనే రాశారు, ఆ తరువాతా కడప అనే రాశారు. 'సి'తో మొదలై 'హెచ్'తో ముగిసే ఎనిమిది అక్షరాల ఆంగ్ల వర్ణక్రమం పోయి 'కె'తో మొదలయ్యే ఆరక్షరాలది వచ్చింది. కాబట్టి తెలుగు గడిని ముట్టుకోనక్కరలేదు, ఆంగ్ల గడిని మాత్రమే దిద్దాలి. అయితే ఆంగ్లంలో పాత వర్ణక్రమం కనబడిన ప్రతిచోటా కొత్తది పెట్టవచ్చునా అంటే, పెట్టకూడదు. భూగర్భ శాస్త్రంలో కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల కింద పరచుకొని ఉన్న ప్రాచీన శిలాసమూహానికి పాత వర్ణక్రమంతోనే 'కుడ్డపా' పేరు స్థిరపడి ఉంది. ఆ శిలల్లోనే ఒక వరుసకు పులివెందుల పేరు పెట్టారు గాని, శాస్త్రగ్రంథాల్లో అది 'పులివెంద్ల క్వార్ట్‌జైట్'గా ఉంటుంది. ఈ శిలలను సర్వే చేసిన విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథం శీర్షికలోనైతే మూడో రూపం కనిపిస్తుంది: 'కె'తో మొదలైనా చివర 'హెచ్' ఉన్న రూపం. ముంబై, పుణె వైపు వంటింటి గట్టుకు వేసే నల్లరాయిని దుకాణదారులు 'కడప్పా' అంటారు. పుస్తకం పేరు, రాతిపొర పేరు, సరుకు పేరు జిల్లా పేరుతో పుట్టినవే అయినా, ఇప్పుడు వాటి బతుకు వాటిదే. జిల్లా పేరు మారితే జిల్లా గడి మారాలి. పుస్తకం పేరు మార్చే అధికారం ఏ ఉత్తర్వుకూ లేదు.

తరువాతి రెండు మార్పులలోని చిక్కు వేరు. 2025లో 'వై.ఎస్.ఆర్. జిల్లా' అన్నది 'వై.ఎస్.ఆర్. కడప జిల్లా' అయినప్పుడు, పాత పట్టికల్లో కొన్నిచోట్ల వట్టి 'కడప' అని మిగిలిపోయి ఉంటుంది గనుక, కడప అన్న మాట దొరికినచోటల్లా వై.ఎస్.ఆర్. కడప అని పెట్టమని ఒక ఆజ్ఞ ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తిరుమలకు తొలి గడపగా భక్తులు భావించే 'దేవుని కడప' ఆ ఒక్క ఆజ్ఞతో 'దేవుని వై.ఎస్.ఆర్. కడప' అవుతుంది. అప్పటికే సరిగా ఉన్న రికార్డుల్లో వై.ఎస్.ఆర్. రెండుసార్లు పడుతుంది. పని సగంలో ఆగిందేమోనన్న సందేహంతో గుమాస్తా మళ్లీ నడిపితే మూడుసార్లు పడుతుంది. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే అయ్యేటట్లు ఆజ్ఞను రాయడం ఈ పనిలో మొదటి నియమం. అందుకు మాటలోని ముక్కను కాక గడి మొత్తాన్ని పోల్చి చూడాలి. అంటే గడిలో 'కడప' అన్న మాట ఒక్కటే ఉండి, ముందూ వెనుకా మరేమీ లేనప్పుడు మాత్రమే, అదీ జిల్లా గడిలో మాత్రమే మార్చాలి.

ముక్కలను పట్టుకొని మార్చడం వల్ల కలిగే చేటుకు ఈ జిల్లాలోని జమ్మలమడుగు ప్రాంతంలో మరో ఉదాహరణ ఉంది. వ్యాపారానికి పేరుమోసిన ప్రొద్దుటూరు ఒకటి, కొండాపురం మండలంలో ఉండి గండికోట జలాశయం ముంపులోకి వెళ్లిన తాళ్లప్రొద్దుటూరు మరొకటి. ప్రొద్దుటూరును జనం వాడుకలో పొద్దుటూరు అంటారు గనుక పట్టికల్లో రెండు రూపాలూ దొర్లుతాయి. వాటిని ఒక రూపానికి తేవాలని ముక్కను వెతికితే మునిగిపోయిన ఊరి నిర్వాసితుల రికార్డులు కూడా ఆ వలలో పడతాయి. ఈ తరహా పొరపాటు పల్లెటూరి గుమాస్తాలకే పరిమితమైనది కాదు. 2000 దశకం తొలి ఏళ్లలో యాహూ సంస్థ తన ఉత్తరాల సేవలో హానికరమైన ప్రోగ్రాములను అడ్డుకోవడానికి 'ఇవాల్' అన్న ఆంగ్ల ముక్క బదులు 'రివ్యూ' పెట్టింది. దాంతో మధ్యయుగం అన్న అర్థమిచ్చే 'మెడీవల్' అనే మాట 'మెడిరివ్యూ' అనే అర్థంలేని మాటగా మారి, ఎందరో రాసుకున్న వ్యాసాల్లోకీ చేరిపోయింది.

తెలుగు రాతకు ఇంకో కష్టం ఉంది, దీనిని ఆంగ్లంలో రాసిన పాఠ్యగ్రంథాలు పెద్దగా పట్టించుకోవు. కంటికి ఒక్కటిగా కనబడే అక్షరం కంప్యూటరు లోపల రెండు విధాలుగా ఉండవచ్చు. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు ఐత్వాన్ని ఒకే సంకేతంగా నిల్వ చేయవచ్చు, లేదా పైనున్న ఎత్వాన్ని ఒక సంకేతంగా, కిందనున్న తోకను మరొక సంకేతంగా విడివిడిగా నిల్వ చేయవచ్చు. తెరమీద రెండూ ఒకే 'వై'గా కనిపిస్తాయి. జిల్లా పేరులోని మొదటి అక్షరమే అది కావడంతో, ఒక విధంగా నిల్వ ఉన్నదాన్ని రెండో విధంగా వెతికితే దొరకదు. దానికి తోడు 'ఆర్' వంటి పొల్లుతో ముగిసే మాట వెనుక, తరువాతి హల్లు దానికి వత్తుగా అంటుకోకుండా, టైపు చేసేవారు కంటికి కనబడని ఒక విభజన గుర్తును పెడతారు; ఒకరు పెడతారు, మరొకరు పెట్టరు. 'ఎస్' అని రాసేవారున్నారు, 'యస్' అని రాసేవారున్నారు. తాళ్ల అని రాసేవారు, తాళ్ళ అని రాసేవారు ఉన్నారు. పులివెందుల, పులివెందల రెండూ పత్రాల్లో కనిపిస్తాయి. అందువల్ల వెతకడానికి ముందే అన్ని రికార్డుల ప్రతినీ ఒకే సంకేత రూపానికి తేవాలి, దానిని నార్మలైజేషన్ అంటారు. ఆ తరువాత గడిలో ఉన్న వేర్వేరు రూపాలెన్ని, ఒక్కొక్కటి ఎన్నిసార్లు ఉన్నదన్న జాబితా తీయాలి. ఆ జాబితాను ఊరు తెలిసిన మనిషి కూర్చొని చదవాలి. ఈ చదువుడు విసుగు పుట్టిస్తుంది, కాని దీనికి ప్రత్యామ్నాయం లేదు. ఏ రెండు పేర్లు ఒకే ఊరివో, ఏవి వేర్వేరు ఊళ్లవో జమ్మలమడుగు మనిషికి తెలిసినట్టు యంత్రానికి తెలియదు.

2022 పునర్విభజన ఈ మూడు మార్పులకన్నా కఠినమైనది, ఎందుకంటే అక్కడ పాత విలువ ఒకటే అయినా కొత్త విలువ రికార్డును బట్టి మారుతుంది. వై.ఎస్.ఆర్. జిల్లా అని ఉన్నవారిలో కొందరు అక్కడే ఉన్నారు, కొందరు అన్నమయ్య జిల్లావారయ్యారు. నియోజకవర్గాన్ని బట్టి తేల్చుదామంటే అదీ కుదరదు: రాజంపేట శాసనసభ నియోజకవర్గంలోని ఒంటిమిట్ట, సిద్ధవటం మండలాలు అప్పుడు కడప వైపే ఉండిపోయాయి. రాజంపేట నియోజకవర్గమంతా అన్నమయ్య అని ఒక్క వాక్యంలో ఆజ్ఞ రాసినవారు కోదండరాముడి ఒంటిమిట్టను కూడా జిల్లా దాటించేసి ఉంటారు. ఇలాంటి సందర్భంలో చేయవలసింది వెతికి మార్చడం కాదు. ఏ మండలం ఏ జిల్లాలోకి వెళ్లిందో గెజెట్ చూసి ఒక చిన్న జోడింపు పట్టిక తయారు చేసుకొని, దానిని అసలు పట్టిక పక్కన పెట్టి, మండల సంకేతం కలిసినచోట కొత్త జిల్లాను రాయించడం. భూముల రీసర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు, అంటే ఎల్‌పీఎం నంబర్లు ఇచ్చినప్పుడు కూడా, పాతదానికీ కొత్తదానికీ పొంతన చూపే పట్టిక దగ్గర లేకపోతే ఏ రైతు భూమి ఏదో తేలదు.

వ్యాపారులకు ఈ పాఠం మరింత దగ్గరగా వచ్చింది 2025 సెప్టెంబరు 22న. ఆ రోజు నుండి జీఎస్టీలో 12, 28 శాతం శ్రేణులు దాదాపుగా రద్దయ్యాయి. ప్రొద్దుటూరులోని ఏ బట్టల దుకాణం కంప్యూటరులోనైనా, అప్పటివరకు వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులకు 12 శాతం అని ఉండేది. కొత్త నియమం ప్రకారం 2,500 రూపాయల వరకు 5 శాతం, అంతకు మించితే 18 శాతం. అంటే ఒకే 12, ధరను బట్టి ఒకచోట 5గానూ మరొకచోట 18గానూ మారాలి. వట్టి 12ను వెతికి 5 పెట్టిన దుకాణం ఖరీదైన దుస్తుల మీద పన్ను తక్కువ వసూలు చేస్తుంది. యర్రగుంట్ల వైపు తయారయ్యే సిమెంటు మీద పన్ను 28 నుండి 18కి దిగింది. అది సులువైన మార్పే. అయితే ఈ మార్పులన్నీ సరుకుల పట్టికలో జరగాలి గాని, ఆ తేదీకి ముందు రాసిన బిల్లుల్లో జరగకూడదు. ఆగస్టులో అమ్మిన సరుకు చీటీ మీద వసూలైన పన్ను నాటి రేటుదే; దానిని ఈనాటి రేటుకు దిద్దడమంటే లెక్కను తారుమారు చేయడమే.

ఇక్కడే ఈ విషయంలోని అసలు భేదం బయటపడుతుంది. రికార్డులో రాసి ఉన్న విలువల్లో కొన్ని ఇప్పటి స్థితిని చెప్పేవి, కొన్ని ఒకనాడు జరిగినదానికి సాక్ష్యం చెప్పేవి. ఉత్తరం ఏ చిరునామాకు పంపాలన్నది మొదటి తరగతి, అది మారాలి. 1990లో ప్రొద్దుటూరులో పుట్టిన మనిషి జనన ధ్రువపత్రం మీది జిల్లా పేరు రెండో తరగతి, నాడు వై.ఎస్.ఆర్. అన్న పేరు జిల్లాకు లేదు గనుక దానిని వెనక్కి తీసుకుపోయి అతికించకూడదు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వై.ఎస్.ఆర్. పేరుకు మారి, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. ఆ నడుమ పట్టా పొందిన వైద్యుడి పత్రం మీద నాటి పేరే ఉంటుంది, రాజకీయం ఎటు తిరిగినా అది తప్పు కాదు. పేరు పక్కన అది ఏనాటి నుండి ఏనాటి వరకు చెల్లిందో చెప్పే రెండు తేదీల గడులు ఉన్న పట్టికకు ఇది చిక్కే కాదు. అవి లేని పట్టికలో ప్రతి పేరు మార్పూ ఒక చిన్న చరిత్ర హత్య.

పేరు మారినా మారనిదొకటి ప్రతి రికార్డుకూ ఉండాలన్నది కాడ్ సిద్ధాంతం నుండి వచ్చిన నేర్పు. దానిని కీ అంటారు. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లా సంకేతం 551. ప్రొద్దుటూరు పిన్‌కోడు 516360, జమ్మలమడుగుది 516434, పులివెందులది 516390. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా తపాలా బంట్రోతుకు వీటితోనే పని. కడప రైల్వే స్టేషను సంకేతం హెచ్-ఎక్స్. కడప విమానాశ్రయం సంకేతం సి-డి-పి. అందులో పాత ఆంగ్ల వర్ణక్రమపు నీడ ఇంకా ఉంది, దానిని దిద్దాలని ఎవరికైనా బుద్ధి పుడితే విమానం టికెట్లు దారి తప్పుతాయి. జిల్లా పేరును లక్ష రికార్డుల్లో లక్షసార్లు రాయకుండా, రికార్డుల్లో సంకేతాన్ని మాత్రమే ఉంచి, ఆ సంకేతానికి పేరేమిటో వేరే పట్టికలో ఒక్కచోట రాసుకుంటే, ఉత్తర్వు వచ్చిన నాడు దిద్దవలసింది ఒక్క వరుస. వెతికి మార్చవలసిన అవసరం ఎక్కువగా పడుతున్నదంటే, పట్టికను మొదట్లో సరిగా అల్లలేదని అర్థం.

అయినా ప్రపంచంలోని పట్టికలన్నీ సరిగా అల్లినవి కావు గనుక, దిద్దుబాటు తప్పని రోజున అనుసరించవలసిన క్రమం ఒకటి అనుభవం మీద ఏర్పడింది. మొదట పట్టిక మొత్తానికీ నకలు తీసి వేరేచోట ఉంచాలి, దానిని బ్యాకప్ అంటారు. తీస్తే సరిపోదు, దాని నుండి పట్టికను తిరిగి నిలబెట్టగలమో లేదో చేసి చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే అంతర్జాతీయ సంస్థలో ఒక ఇంజనీరు వేరే యంత్రమనుకొని అసలు డేటాబేస్‌నే తుడిచేయగా, ఏర్పాటు చేసుకున్న బ్యాకప్ మార్గాలేవీ అక్కరకు రాక, ఎవరో పరీక్ష కోసం తీసి పెట్టుకున్న నకలు ఆదుకున్నందున సుమారు ఆరు గంటల సమాచారంతో నష్టం ఆగింది. ఆ సంస్థ ఆ తప్పును దాచకుండా ప్రపంచానికి చెప్పడం మెచ్చుకోదగినది. నకలు తీశాక, మార్చే ఆజ్ఞ ఇవ్వకముందు అదే షరతుతో చూపించే ఆజ్ఞ ఇచ్చి, ఎన్ని రికార్డులు దొరుకుతున్నాయో లెక్క చూసుకోవాలి. ముప్పై ఆరు మండలాల పట్టికలో ముప్పై ఏడు దొరికితే అక్కడే ఆగిపోవాలి.

ఆ తరువాతి రక్షణ పేరు ట్రాన్సాక్షన్. పలు మార్పులను ఒకే మూటగా కట్టి, అన్నీ జరిగితేనే జరిగినట్టు, ఏ ఒక్కటి తప్పినా ఏదీ జరగనట్టు చూసే ఏర్పాటు ఇది. దీని సిద్ధాంతానికి రూపమిచ్చినవారిలో ప్రముఖుడైన జిమ్ గ్రే 1998లో ట్యూరింగ్ పురస్కారం పొందాడు. మూట విప్పి ఖాయం చేయడాన్ని కమిట్ అనీ, మూటను పారేసి పూర్వస్థితికి రావడాన్ని రోల్‌బ్యాక్ అనీ అంటారు. మార్పు చేసినా కమిట్ చేయకముందు, మారిన రికార్డుల సంఖ్య ముందు చూసిన లెక్కతో కలిసిందో లేదో సరిచూసుకొనే వ్యవధి దీనివల్ల దొరుకుతుంది. కమిట్ అయ్యాక రోల్‌బ్యాక్ పనిచేయదు. అప్పుడు దిక్కు బ్యాకప్పే. పట్టిక చాలా పెద్దదైతే మొత్తం ఒక్కసారి కాక మండలం తరువాత మండలంగా మార్చడం మేలు, ఎందుకంటే పెద్ద మూట విప్పేదాకా ఆ పట్టికను వాడవలసిన మీసేవ కేంద్రాలు, సచివాలయాలు నిలిచిపోతాయి.

ఈ జాగ్రత్తలు కంప్యూటరుతో పుట్టినవి కావు. 1820లో కడపకు వచ్చి, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకొని తాళపత్రాలకు నకళ్లు రాయించిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించే ముందు పలు ప్రతులను పోల్పించాడు. పద్యం దిద్దుకోవడం ఒక ప్రతిలో, మూలం మరో ప్రతిలో ఉండడం ఆ పద్ధతికి ప్రాణం. ఆయన సేకరణ నేటికీ చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉంది గనుకనే, బ్రౌన్ దిద్దినది సరైనదా కాదా అని తరువాతివారు వాదించగలుగుతున్నారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజులోని కొట్టివేతలకూ వరుసల నడుమ చేర్పులకూ రాసిచ్చినవారి సంతకమో పొడి అక్షరాలో ఉండాలంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ మరింత స్పష్టంగా, రిజిస్టరులో తప్పు దొర్లితే అసలు నమోదును ఏమాత్రం ముట్టకుండా, అంచున సరైన విషయం రాసి, రిజిస్ట్రారు సంతకం చేసి తేదీ వేయాలని నిర్దేశిస్తుంది. కంప్యూటరు నిపుణులు ఆడిట్ ట్రయల్ అని పిలుస్తున్నది ఆ అంచు రాతనే. చేతిరాత రిజిస్టరుకు చట్టం ఇచ్చిన ఆ అంచును ప్రొద్దుటూరు పురపాలక సంఘం మొదలు పులివెందుల రెవెన్యూ డివిజన్ వరకు పేరు మార్పులు దిద్దవలసివచ్చే ప్రతి కార్యాలయమూ తన కంప్యూటరు పట్టికకు కూడా ఇవ్వాలి. అందుకు కావలసినవి నాలుగు గడులు మాత్రమే: పాత విలువ, కొత్త విలువ, దిద్దిన తేదీ, దిద్దినవారి పేరు.